పాటకు తాంబూలం, పాటగాడికి శాలువా

మన సాహిత్య చరిత్రల్లో పాటకు కొంత చోటు దొరికింది. పదాలు, యక్షగానాలు, జంగం కథలు, స్త్రీల పాటలు, శ్రామికుల పాటలు - వీటిని వర్గీకరించి, నడక తేల్చి, రసం నిర్ణయించి చెప్పిన గ్రంథాలు మనకు ఉన్నాయి. 1950ల్లో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన తర్వాత విశ్వవిద్యాలయాల్లో ఈ కృషి ఒక శాఖగానే స్థిరపడింది. అయితే ఈ గ్రంథాల్లో అరుదుగా తప్ప కనిపించని విషయం ఒకటుంది. ఆ పాట పాడినవాడు ఆ రాత్రికి ఎంత తీసుకున్నాడు? ఎవరిచ్చారు? ఇస్తామన్నది ఇచ్చారా? తెల్లవారి ఇంటికి ఎలా చేరుకున్నాడు? ఇవి సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నలు కావని మనవాళ్ల ఉద్దేశం కాబోలు. ఎమ్మే తెలుగు చదివి, హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, అప్పుడప్పుడు సభల్లో మాట్లాడే నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను.

నా అభిప్రాయం మారడానికి ఒక చిన్న సంఘటన కారణం. కొన్నేళ్ల కిందట శ్రావణమాసంలో మేం కొందరు మిత్రులం కలిసి శ్రీకాకుళంలో జానపద కళల మీద ఒక సభ పెట్టాం. అరసవల్లికి దగ్గర పల్లె నుంచి ముగ్గురు జముకుల పాటగాళ్లను పిలిచాం. "ప్రజాకళలు - అభ్యుదయ దృక్పథం" అన్న విషయం మీద నేను నలభై నిమిషాలు మాట్లాడాను. వాళ్లకు పావుగంట ఇచ్చాం. చివర ముగ్గురికీ శాలువాలు కప్పాం. సభ ముగిశాక మెట్ల దగ్గర ఆ దళం పెద్ద నన్ను పక్కకు పిలిచాడు. "మేస్టారూ, సేలువా బాగుంది బావూ. మరి ముగ్గురం ఊరెల్లాల కదా. తాళాలోడు ఈ దినం ఉడుపు కూలి మానేసి వచ్చినాడు. ఆడికేటి సెప్పమంటారు?" అన్నాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. లెక్క అడుగుతున్నాడు, అంతే. జేబులు తడుముకుని, మిత్రుల్ని అడిగి, ఎంతో కొంత పోగుచేసి ఇచ్చాం. అది ముగ్గురి ఉడుపు కూలికి సరిపోలేదు. శ్రమ గురించి నలభై నిమిషాలు మాట్లాడినవాణ్ని, ఎదురుగా ఉన్న శ్రమకు కూలి కట్టాలన్న సంగతే నాకు తోచలేదు.

ఆ రోజు నుంచి ఉత్తరాంధ్ర పాట చరిత్రను పాటగాడి రాబడి వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను. అలా చదివితే చరిత్ర కొంత వేరుగా కనబడుతుంది. ఆ చదువులో నాకు తోచిన విషయాలను ఇక్కడ మనవి చేస్తున్నాను.

మొదట గుడితో ఆరంభిద్దాం. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయాన్ని ఏడవ శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం జనం విరగబడి వస్తారు. ఆ జనానికి పొద్దు పొడిచిందని చెవిలో చెప్పేది సన్నాయి, డోలు. గుడి ఏదైనా సరే, మంగళవాద్యం వాయించేవాళ్లను మన ప్రాంతంలో భజంత్రీలంటారు. ఆంధ్ర దేశంలో ఈ పని ఎక్కువగా నాయీబ్రాహ్మణులది. పొద్దున్న క్షురకర్మ, సాయంకాలం సన్నాయి. ఒకే మనిషి రెండు చాకిరీలు. సంగీతశాస్త్రం అతని చేతిలో ఉన్నదాన్ని నాదస్వరం అంది, కులవ్యవస్థ ఆ చేతిని మాత్రం పాత చోటనే ఉంచింది. పెళ్లిలో మాంగల్యధారణ అతని వాద్యం మోగనిదే జరగదు. ఆ పెళ్లి భోజనాల్లో అతనికి వేరే పంక్తి వేసిన కాలం మన తాతలకు బాగా తెలుసు.

గుడి వాద్యగాడికి మాన్యం ఉండేది. అంటే భూమి అనుభవించు, చాకిరీ చెయ్యి అన్న ఏర్పాటు. ఈ ఏర్పాటుకి రెండు ముఖాలు. ఏడాది పొడవునా తిండికి కొంత భరోసా ఉండేది. ఆ భరోసాకు బదులుగా కొడుకు, మనవడు కూడా అదే గుమ్మం దగ్గర నిలబడాలి. గుడికి అంకితమైన స్త్రీల విషయంలో ఈ ముడి మరీ క్రూరమైనది. 1929లో మద్రాసు శాసనసభ చేసిన చట్టం దేవదాసీల ఇనాం భూములను చాకిరీ షరతు నుంచి విడదీసింది. 1947 చట్టం అంకితం చేసే ఆచారాన్నే నిషేధించింది. ఆ సంస్కరణలను అభ్యుదయవాదులెవరూ తప్పుపట్టరు. కానీ సంస్కరణ ఒక ప్రశ్నను వదిలేసింది. ఆ స్త్రీలు కేవలం ఆచారానికి బలైనవాళ్లు మాత్రమే కారు, ఏళ్ల తరబడి సాధన చేసిన వృత్తి కళాకారిణులు కూడా. ఆచారం పోయింది. ఆ విద్యకు గౌరవంగా కూలి ఇచ్చే మరో చోటు ఎక్కడుంది? 1892లో మొదటిసారి రంగస్థలమెక్కిన "కన్యాశుల్కం"లో మధురవాణి గుణం గురించి నూరేళ్లకు పైగా చర్చించాం. ఆమె ఇల్లు ఎలా గడుస్తుందన్న ప్రశ్న మన విమర్శలో ఎన్నిసార్లు వచ్చింది? ఆమెను వేశ్యగానో, వేశ్యల్లో ఉదాత్తురాలిగానో చూశాం. విజయనగరంలో కళను నమ్ముకుని బతుకుతున్న స్త్రీగా చూసినవాళ్లు తక్కువ.

గుడి తర్వాత కోట. విజయనగరం పూసపాటివారి ఆస్థానం సంగీతానికి పెట్టింది పేరు. 1919లో అక్కడ గానపాఠశాల స్థాపితమైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. అదే ఏడాది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరారు, 1936లో అధ్యక్షులయ్యారు. దీన్ని మనం సాధారణంగా రాజుగారి కళాపోషణగా చెప్పుకుంటాం. నిజమే. కానీ అంతకంటే గమనించవలసింది మరొకటుంది. అజ్జాడలో 1864లో పుట్టిన నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఊరూరా తిరిగి హరికథలు చెప్పారు. జమీందారు కోటలు, వకీళ్ల ఇళ్లు, పట్నాల్లో పందిళ్లు - ఇదీ ఆయన తిరిగిన దారి. "నా యెఱుక" అన్న ఆయన స్వీయచరిత్రలో విద్యావిలాసంతో పాటు ఈ సంచారం కూడా ఉంది. సంచారంలో కళాకారుడికి వచ్చేది సంభావన. ఎంతన్నది ఇచ్చేవాడి మనసు. పాఠశాలలో వచ్చేది జీతం. ఎంతన్నది ముందే తెలిసిన సంగతి. సంభావన నుంచి జీతానికి మారడం ఉత్తరాంధ్ర సంగీతంలో ఒక పెద్ద మలుపు. ఆ పాఠశాల విద్యార్థుల్లో ఘంటసాల కూడా ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని ఆయన చదువుకున్న సంగతి లోకవిదితం. గురువుకు జీతం వచ్చిన చోటే శిష్యుడికి భిక్ష తప్పలేదన్నమాట.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత మాన్యానికీ చాకిరీకీ ఉన్న పాత ముడి చాలాచోట్ల సడలింది. పాఠశాల మాత్రం నిలిచింది. అది సంతోషించవలసిన విషయమే. కానీ జముకుకు పాఠశాల లేదు. తప్పెటగుళ్లకు లేదు. తూర్పు భాగవతానికి లేదు. ఆ కళలను పోషించినది ఊరు. ఊరి ఆర్థికం ఎలా నడిస్తే వీటి బతుకు అలా నడిచింది.

జముకు అంటే ఏమిటో తెలియని విద్యార్థుల కోసం రెండు మాటలు. లోపల బోలుగా ఉండే చిన్న గుల్ల. ఒక వైపు తోలు మూసి ఉంటుంది. ఆ తోలు మధ్య నుంచి ఒక నరం బయలుదేరి చివర పుల్లకు కట్టి ఉంటుంది. గుల్లను చంకలో ఇరికించుకుని, నరాన్ని లాగుతూ సడలిస్తూ మీటితే స్వరం మనిషి గొంతులా పైకీ కిందికీ పోతుంది. ఒకడు కథ చెబుతాడు, ఒకడు జముకు మీటుతాడు, ఒకడు తాళం వేస్తూ వంత పాడతాడు. ఎల్లమ్మ కథ మొదలు ఊళ్లో జరిగిన నిన్నటి తగాదా వరకు దేన్నయినా ఆ ముగ్గురూ తెల్లవార్లూ లాగగలరు.

ఈ పాటగాడి ఏడాది పంచాంగంతో ముడిపడి ఉంటుంది. పంట ఇంటికి చేరాక, ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా గ్రామదేవతల సంబరాలు. అదే అతని పంట. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, పెళ్లిళ్లుండవు. వానాకాలం పందిరి నిలవదు. అప్పుడతను మడిలో దిగి ఉడుపులకు పోతాడు, లేదా వలస పోతాడు. కాబట్టి "వృత్తి కళాకారుడు" అన్న మాట అతనికి మూడు నెలలే వర్తిస్తుంది, తక్కిన తొమ్మిది నెలలూ వ్యవసాయ కూలీ. మన వ్యాసాల్లో ఈ ఇద్దరూ వేర్వేరు మనుషులుగా కనబడతారు. ఒకరు జానపద సాహిత్య విభాగంలో, మరొకరు కథానికల్లో.

ఒప్పందానికి అతని భాషలో తాంబూలం అని పేరు. ఊరి పెద్దలు ఆకు, వక్క, కొంత రొక్కం పెట్టి రోజు ఖాయం చేస్తారు. తాంబూలం పుచ్చుకున్నాక ఇంకో ఊరు ఎక్కువ ఇస్తానన్నా పోకూడదు. ఇది కాగితం లేని కట్టుబాటు. పాటగాడు తన వైపు కట్టుబాటు నిలబెట్టుకుంటాడు. ఊరు మాత్రం మిగతా సొమ్ము తెల్లవారాక ఇస్తుంది. తెల్లవారే సరికి చందాలు వసూలు చేసినవాళ్లు కనబడరు, లేదా ఆటలో రసం తగ్గిందంటారు. మధ్యరాత్రి చదివింపులు అదనపు రాబడి. ఎవరి పేరు చెప్పి రూపాయి ఇస్తారో వాళ్ల పేరు పాటలో చేర్చి పొగడాలి. మోతుబరి పేరు మూడుసార్లు వస్తే ఎల్లమ్మ కథ ఆ మేరకు ఆగుతుంది. జానపద కథల్లో కనిపించే పునరుక్తిని మనం "మౌఖిక శైలీ లక్షణం" అని రాసుకున్నాం. అందులో కొంత భాగం చదివింపుల లెక్క అయివుండదా అని నాకు సందేహం.

మరొక కూలి సీసాలో వస్తుంది. "సొమ్ము తక్కువైతే సారా ఎక్కువ పోసీవోరు" అని ఆ పెద్దాయన తర్వాతొకసారి నాతో అన్నాడు. గొంతు తెరుచుకోవడానికని మొదలై, గొంతు పోవడంతో ముగిసిన బతుకులు అతనికి చాలానే తెలుసు. ఇది మన ఊళ్లకే పరిమితమైన విషయం కాదు. ఇంగ్లాండులో పబ్బుల్లో రాత్రి రాత్రికీ వాయించి బతికే సంగీతకారులది కూడా దాదాపు ఇదే కథ. చేతికి కొంత, గ్లాసులోకి కొంత, ఇంటికి వెళ్లే బండి దొరక్కపోతే రాత్రంతా దారిలో. తేడా ఒకటుంది. అక్కడ 1893లోనే మాంచెస్టరులో జో విలియమ్స్ అనే వాద్యకారుడి చొరవతో సంగీతకారుల కార్మిక సంఘం పుట్టింది. వాయించడం పని, పనికి రేటు ఉండాలి అన్న మాట అక్కడ ఆనాడే సంఘం రూపం దాల్చింది. ఒక రాత్రి కచేరీని అక్కడివాళ్లు "గిగ్" అంటారు. జాజ్ వాద్యగాళ్ల నోట నలిగిన ఆ మాటే ఇవాళ తిరిగి తిరిగి మన చట్టంలోకి వచ్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి "గిగ్ వర్కర్"ని నిర్వచించింది. శ్రీకాకుళం వీధుల్లో బండిమీద భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాణ్ని ఆ పేరుతో పిలుస్తున్నాం. ఆ మాట ఎవరి వృత్తి నుంచి వచ్చిందో ఆ వృత్తిలోని మన జముకువాణ్ని ఆ పేరుతో పిలవడం ఎవరికీ తోచలేదు.

ఇక ఉద్యమం సంగతి. ఇక్కడ మనం మన గురించే మాట్లాడుకోవాలి. ఈ జిల్లా పాటకు ఉద్యమంతో ఉన్న బంధం చాలా గాఢమైనది. గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మీద పాట కట్టి, తానే పాడి, 1922లో జైలుకు వెళ్లారు. ఆ పాట ఆంధ్రదేశమంతా మారుమోగింది. ఆయన 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూశారు. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టింది. ఆ ఏడే ప్రజానాట్యమండలి రూపుదిద్దుకుంది. నాజర్ గారి చేతిలో బుర్రకథ రాజకీయ ఆయుధమైంది. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రైతాంగ పోరాటానికి తెచ్చారు, 1969 డిసెంబరులో ప్రాణాలిచ్చారు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు షిప్‌యార్డులో పనిచేస్తూ పాట కట్టారు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. ఉత్తరాంధ్ర మాండలికంలో ఇంత బలముందని తెలుగు దేశానికి చెప్పింది ఆయన గొంతే.

ఈ చరిత్ర మన గర్వకారణం. అయితే ఆత్మవిమర్శ లేని గర్వం అభ్యుదయం అనిపించుకోదు. ఉద్యమం ఈ కళారూపాలను తీసుకుని కొత్త వస్తువునిచ్చింది, కొత్త ప్రేక్షకులనిచ్చింది, మోతుబరి చదివింపుల నుంచి విముక్తినిచ్చింది. మార్గం చూపిన నాయకులు త్యాగం చేశారు. కానీ త్యాగాన్ని అందరి నుంచీ ఆశించే అలవాటు కూడా అక్కడే మొదలైంది. ఆశయం కోసం పాడేవాడు కూలి అడగడు అన్న భావం మెల్లగా, మన సభలకు వచ్చేవాడెవడూ కూలి అడగకూడదు అన్న ఆచారంగా మారింది. వక్తకు రానుపోను చార్జీలిస్తాం, పాటగాడికి శాలువా ఇస్తాం. కథకుడి పేరు కరపత్రంలో వేస్తాం, వంతల పేర్లు "బృందం" అన్న మాటలో కలిపేస్తాం. పాత బొబ్బిలి కథకు పెద్దాడ మల్లేశం అన్న పేరు ఇప్పటికీ మిగిలింది. అతని పక్కన వంత పాడిందెవరో మనలో ఎవరికి తెలుసు? భూస్వామ్యం చేసిన ఆ మరుపును మనమూ కొనసాగిస్తే మన దృక్పథంలో తేడా ఏమున్నట్టు?

చివరికి బజారు వచ్చింది. మైకు సెట్టు వచ్చి గొంతుకు బలమిచ్చింది, తర్వాత గొంతునే తోసేసింది. రికార్డింగ్ డాన్సు వచ్చింది, ఆర్కెస్ట్రా వచ్చింది, ఇప్పుడు డీజే బండి వచ్చింది. ఒక రాత్రికి ఊరు పోగుచేసిన చందాలో డీజే వాటా పోగా మిగిలిందే జముకుకు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకును కట్టడి చేశాయి. నిద్రపోయే రోగికీ, చదువుకునే పిల్లవాడికీ అది అవసరమే. కానీ పదింటికి మొదలై తెల్లవారితేగాని ముగియని తూర్పు భాగవతం ఏం కావాలి? డీజే రెండు గంటల్లో తన పని ముగించుకుని పోతుంది. రాత్రి నిడివి మీద నిర్మాణమైన కళకు ఆ వీలు లేదు. సత్యభామ జడ విప్పే లోపలే తెర దించెయ్యమంటే అది భాగవతం కాదు, నమూనా అవుతుంది. సభల్లో మేమిచ్చిన పావుగంట కూడా అలాంటి నమూనాయే.

2020 సంవత్సరాన్ని ఈ చరిత్రలో ప్రత్యేకంగా రాసుకోవాలి. ఆ మార్చి మొదట్లో "పలాస 1978" సినిమా విడుదలైంది. అందులో నాయకులు జానపద కళాకారుల ఇంటి బిడ్డలు. ఉత్తరాంధ్ర జానపదం పాట ఒకటి ఆ సినిమాతో ప్రతి సెల్‌ఫోనులోనూ మోగింది. అదే నెల 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. సంబరాల కాలమంతా తుడిచిపెట్టుకుపోయింది. తాంబూలాలు వెనక్కి ఇమ్మన్న ఊళ్లున్నాయని మా పెద్దాయన చెప్పాడు. ఆ ఆగస్టులోనే వంగపండు కన్నుమూశారు. అంటే పాట ఎన్నడూ లేనంతగా వినబడిన ఏడాదిలో పాటగాళ్లు ఎన్నడూ లేనంతగా పస్తులున్నారు. వినికిడికీ రాబడికీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చింది? 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడికి కొన్ని హక్కులిచ్చింది. కానీ ఆ హక్కు నిలవాలంటే ఫలానా రోజు ఫలానా వాడు పాడాడన్న ఆధారం ఉండాలి. "జానపదం" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఆ ఆధారం మనమే చెరిపేసినట్టు. పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాల్లో పాడినవాళ్ల పేర్లు, ఊర్లు, తేదీలు రాయడం ఇందుకే ముఖ్యం. దాన్ని మర్యాద అనుకోకూడదు, సాక్ష్యం అనుకోవాలి.

2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపారు. మంచిదే. ప్రభుత్వమే పెద్ద పందిరి వేసినప్పుడు, ఆ పందిట్లో జముకుకూ తప్పెటగుళ్లకూ ఎంతసేపు, ఎంత కూలి అన్నది అడగడానికి రచయితలకు హక్కుంది. కానీ ప్రభుత్వాన్ని అడగబోయే ముందు మన లెక్కలు సరిచూసుకోవాలి. నా మట్టుకు నేను మిత్రుల ముందు నాలుగు మాటలు పెట్టాను. పిలిచేటప్పుడే తాంబూలం ఇవ్వాలి, మొత్తం ఎంతో కాగితం మీద ఉండాలి. ముగ్గురొస్తే మూడు పేర్లూ కరపత్రంలో వెయ్యాలి. వక్తల సంఖ్య తగ్గించి వాళ్లకు కనీసం రెండు గంటలివ్వాలి. ఇంటికి చేర్చే బాధ్యత మనది. ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "ఇలా రేటు కడితే కళ వ్యాపారమైపోదా?" అన్నాడు. కూలి ఇస్తే కళ చెడిపోతుందన్న భయం, కూలి ఇవ్వనివాడికే ఎందుకు కలుగుతుందో ఆలోచించమన్నాను. ఉపాధ్యాయుడిగా నేను జీతం తీసుకుని పోతన పద్యం చెబుతున్నాను. దానివల్ల పోతనకు లోటేమీ రాలేదు.

మరుసటి ఏడు మాఘంలో మళ్లీ ఆ ముగ్గుర్నీ పిలిచాం. తాంబూలం ఇవ్వడానికి నేనే వాళ్ల ఊరికి వెళ్లాను. కరపత్రానికి పేర్లు రాసుకుంటుంటే పెద్దాయన తన పేరు చెప్పాడు, జముకువాడి పేరు చెప్పాడు. మూడో ఆయన అరుగు చివర కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. "మీ పేరేమిటండీ?" అని అడిగాను. అతను వెంటనే చెప్పలేదు. "నా పేరెందుకు బావూ, తాళాలోడంటే సాలు కదా" అన్నాడు. ఎందుకో చెప్పాను. అప్పుడు బీడీ పక్కన పెట్టి, ఇంటిపేరుతో సహా, నేను తప్పు రాయకుండా రెండుసార్లు చెప్పాడు.

కరపత్రంలో ఆ పేరు వేశాం. మన గ్రంథాల్లోనూ వెయ్యవలసిన పేర్లు ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. ఆ పని కోసం విశ్వవిద్యాలయాల దాకా పోనక్కర్లేదు. రేపు మనం పెట్టబోయే సభ ఖర్చుల పట్టీలో, శాలువాలని రాసుకునే చోట కూలి అని రాసుకుంటే పని మొదలైనట్టే.